రెండు వేళ్ల పాట

1984 మే నెల మొదటి ఆదివారం సాయంత్రం, షికాగో నగరంలో మిల్వాకీ అవెన్యూకు చేరువలో ఉన్న పోలిష్ చర్చి వారి సమావేశ మందిరంలో, వేదికకు ఎదురుగా మొదటి వరుసలో ఆసీనులైనవారు ఎడమ నుంచి వరుసగా వీరు: శ్రీమతి వసుమతి, ఆ చర్చి గురువు ఫాదర్ కజిమిర్, వసుమతి భర్త డాక్టర్ హరనాథ్, వారి కుమార్తె రేణు, హరనాథ్ పనిచేసే ఆసుపత్రిలోని నర్సు హలీనా, ఆమె భర్త. రెండో వరుస మొదలుకొని, గోడల వెంబడి నిలుచున్నవారితో సహా, తక్కినవారందరూ పోలండ్ దేశస్థులు.

ఈ క్రమాన్ని నిర్ణయించినది హరనాథ్ కాదు. ఆయన చేతిలో ఉంటే మొదట మతగురువు, పిమ్మట వైద్యుడు, ఆ పిమ్మట కుటుంబం కూర్చుని ఉండేవారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న విషయంలో ఆయనకు కాకినాడలో చదువుకునే రోజుల నుంచే గట్టి అభిప్రాయాలున్నాయి, ఎడింబరోలో ఎఫ్.ఆర్.సి.ఎస్. చదువు వాటిని మరింత గట్టిపరిచింది. కుర్చీలకు పేర్లు అతికించినవాడు ఆ సాయంత్రం పాడబోతున్న గాయకుడు లెషెక్ సోవా. హరనాథ్ తన పేరున్న కాగితం చదువుకుని, కోటు గుండీ పెట్టుకుని, నిటారుగా కూర్చున్నారు.

“డాడీ, యూ గాట్ బ్రాంజ్!” అంది రేణు ఆయన చెవిలో. అది ఒలింపిక్స్ జరగనున్న సంవత్సరం.

“మాట్లాడకుండా కూర్చో,” అన్నారు ఆయన. కానీ ఆయనకు కోపం రాలేదు. మొదటి కుర్చీ ఎందుకు వసుమతిది అయిందో ఆ మందిరంలో అందరికంటే బాగా తెలిసినవారు ఆయనే.

లెషెక్ సోవా పోలండ్‌లోని గ్దీన్యా అనే ఓడరేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి ఓడల్లో వడ్రంగం చేసేవాడు. పరదేశాల నుంచి వచ్చే నావికులు కోటు లోపల దాచి తెచ్చిన రికార్డులు విని ఆ కుర్రవాడికి గిటారు పిచ్చి పట్టింది. కొనడానికి దుకాణాల్లో గిటార్లు లేవు. తండ్రి ఓడ తలుపులకు వాడే చెక్కతో ఒకటి చేసి ఇచ్చాడు. దానికి విద్యుత్తు ధ్వని పలికించే భాగాన్ని మాత్రం లెషెక్ వీధి చివర టెలిఫోను డబ్బాలో నుంచి ఊడదీసి అమర్చుకున్నాడు. ముప్పయి ఏళ్లు వచ్చేసరికి అతని బృందం పాటలు ఆ దేశమంతటా మారుమోగాయి. సముద్రంలో దారి తప్పిన నావికుడు ఒడ్డున దీపస్తంభాన్ని వెతుక్కునే పాట ఒకటి ఉంది. అధికారులకు అది నావికుడి పాటగానే వినబడింది. వినవలసినవారికి వేరుగా వినబడింది.

1981 శరత్కాలంలో ఆ బృందం షికాగోలోని పోలిష్ క్లబ్బుల్లో వాయించడానికి వచ్చింది. తక్కినవారు ముందుగా తిరిగి వెళ్లారు. లెషెక్ క్రిస్మస్ వరకు ఉండి నాలుగు డబ్బులు వెనకేసుకుని వెళ్దామనుకున్నాడు. డిసెంబరు పదమూడున పోలండ్‌లో సైనిక శాసనం విధించారు. టెలిఫోన్లు తెగిపోయాయి. బృందంలో ఇద్దరు నిర్బంధంలో ఉన్నారని కొన్ని వారాల తర్వాత తెలిసింది. ఆ దీపస్తంభం పాట రేడియోలో వినబడటం మానేసింది. లెషెక్‌కు వెళ్లడానికి దేశమూ, ఉండటానికి దారీ రెండూ కరువయ్యాయి. బతుకు తెరువుకు ఒక చిన్న యంత్రశాలలో పనికి కుదిరాడు. ఫిబ్రవరిలో ఒకనాడు రేకులు వంచే యంత్రం అతని ఎడమచేతి ఉంగరపు వేలినీ, చిటికెన వేలినీ నలిపేసింది.

ఆ చేతిని బాగుచేసినవారు హరనాథ్. చేతుల శస్త్రచికిత్సలో ఆయనకు ఆసుపత్రిలో మంచి పేరుంది. ఆ వేళ్లు తీసివేయక తప్పదని తక్కినవారు అనుకున్నచోట ఆయన నిలబెట్టారు. నిలబడ్డాయి గాని, వంగవు. ఆ సంగతి ఆయన కట్లు విప్పిన రోజున, తన అలవాటు ప్రకారం, మెత్తదనం కలపకుండా చెప్పారు. పోలిష్ తెలిసిన నర్సు హలీనా దానిని లెషెక్‌కు మరోసారి చెప్పింది.

“పాడవచ్చును కదా?” అన్నారు హరనాథ్. “కంఠానికి ఏమీ కాలేదు.”

లెషెక్ తన చేతిని చూసుకుంటూ మెల్లగా, వచ్చిన ఇంగ్లీషులో అన్నాడు: “డాక్టర్, పాట నా గొంతులో పుట్టదు. ముందు ఈ చేతిలో పుడుతుంది. గొంతు దాని వెనకాల వెళ్తుంది.”



ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం లెషెక్, కృతజ్ఞత చెప్పుకోవడానికి, షికాగో శివారు స్కోకీలోని డాక్టరు గారి ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో తులిప్ పూలు. మరో చంకలో, మైనపు కాగితంలో చుట్టి తాడు కట్టిన పొగబెట్టిన పంది తొడ. హరనాథ్ ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి ఎరగదు. ఆయన ఆ పొట్లాన్ని పసిబిడ్డను అందుకున్నట్లు రెండు చేతులా అందుకుని, “చాలా సంతోషం,” అన్నారు.

వసుమతి వంటింట్లో పులిహోర కలుపుతోంది. కుడిచేయి మణికట్టు దాకా పసుపు. లెషెక్ తిన్నగా లోపలికి వెళ్లి, మడమలు చేర్చి, తల వంచి, చేయి చాచాడు. ఆ దేశంలో గౌరవనీయురాలైన స్త్రీని పలకరించే పద్ధతి ఆమె చేతిని ముద్దుపెట్టుకోవడం. వసుమతి తన కుడిచేతిని చూసుకుంది, అతని ముఖం చూసింది, కంగారులో ఎడమచేయి అందించింది.

“ఏవండీ! ఏం చేస్తున్నాడీయన?”

“ముద్దు పెట్టుకుంటున్నాడు. వాళ్ల మర్యాద.”

“ఎడంచెయ్యి ఇచ్చానండీ! ఇంటికొచ్చిన మనిషికి ఎడంచెయ్యి!”

“అతనికి తెలియదులే. నువ్వు అరవకు.”

లెషెక్ ఆ చేతిని ముద్దుపెట్టుకోలేదు. దానిని కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. చూపుడు వేలి కొసనా, నడిమి వేలి కొసనా అడ్డంగా, నల్లగా, లోతుగా రెండు గాడులున్నాయి. ఇరవై ఏళ్లు తీగ నొక్కితే తప్ప అటువంటి గాడులు పడవు. తన వేళ్ల మీద ఉన్నవీ అవే. కాని తనకు నాలుగు వేళ్ల మీద ఉన్నాయి. ఈమె ఉంగరపు వేలూ చిటికెన వేలూ పసిపిల్ల వేళ్లలా నున్నగా ఉన్నాయి.

“పానీ వసుమతి,” అన్నాడు లెషెక్. ‘పానీ’ అంటే వాళ్ల భాషలో ‘అమ్మగారూ’ అన్నంత గౌరవం. “మీరు ఏం వాయిస్తారు?”

ఆమె చేయి కడుక్కుని, అతన్ని ముందు గదిలోకి తీసుకువెళ్లి, బొబ్బిలి వీణ మీద కప్పిన పట్టుగుడ్డ తీసింది. విజయనగరంలో నేర్చుకున్న విద్య అది. అమెరికా వచ్చాక కూడా ఏ శుక్రవారమూ మానలేదు. కొబ్బరినూనెలో తడిపిన దూదికి వేళ్లు అద్దుకుని వాయించసాగింది. లెషెక్ తివాచీ మీద చతికిలబడి ఆమె ఎడమచేతినే చూశాడు. రెండు వేళ్లు జంటగా మెట్ల మీద జారుతున్నాయి. ఒక్క మెట్టు మీదే తీగను పక్కకు లాగితే నాలుగు స్వరాలు వంగి పలుకుతున్నాయి.

“మిగతా రెండు వేళ్లు?” అని అడిగాడు.

“వాటికి పనేం లేదు,” అంది వసుమతి. “ఊరికే తోడు వస్తాయి.”

అతను తన చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత, నేర్పుతారా అని అడిగాడు.

వసుమతి నేర్పుతానంది. కాని నేర్పడంలో ఆమెకు ఒకటే పద్ధతి తెలుసు. శుక్రవారం మొదలుపెట్టాలి, బూట్లు బయట విడవాలి, వీణ వైపు కాళ్లు చాపకూడదు, సరళీ స్వరాల దగ్గర ప్రారంభించాలి. ఆరడుగుల మనిషి బాసింపట్టు వేయలేక, గిటారు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ‘స రి గ మ’ అంటూ చెమటలు కక్కుతుంటే రేణు భరించలేకపోయింది.

“మమ్మీ, ఆయన రాక్ స్టార్! హీ సోల్డ్ లైక్ ఎ మిలియన్ రికార్డ్స్!”

“అయితే సరళీ స్వరాలు తొందరగా వచ్చేస్తాయిలే,” అంది వసుమతి. “ఏమండీ లెషెక్ గారూ, మళ్లీ. రెండో కాలం.”

ప్రతి పాఠానికీ అతను ఒక పంది తొడ తెచ్చేవాడు. వద్దని చెప్పడం అతిథిని అవమానించినట్లవుతుందని హరనాథ్, గురుదక్షిణను కాదనకూడదని వసుమతి, ఇద్దరూ నోరు మెదపలేదు. అది గరాజ్‌లో ఒక రాత్రి నిద్ర చేసి, మర్నాడు హరనాథ్ కారులో ఆసుపత్రికి ప్రయాణమై, హలీనా ఇల్లు చేరేది. ఆ వేసవి అంతా హలీనా భర్త, తాను ఎన్నడూ చూడని ఒక తెలుగు సంగీత గురువు ఆరోగ్యాన్ని గురించి ఎంతో శ్రద్ధగా వాకబు చేస్తూ వచ్చాడు.

స్వరాలు వచ్చాయి. పాట రాలేదు. తన పాటలు మొదలుపెట్టేసరికి లెషెక్ చేయి పాత అలవాటు కొద్దీ నాలుగు వేళ్ల పట్టు కోసం వెతికేది. వంగని వేళ్లు రెండూ తీగల మీద పడి, ఉన్న నాదాన్ని కూడా చెరిపేవి. ఆగస్టులో ఫాదర్ కజిమిర్ అతన్ని పిలిచి అడిగారు: డిసెంబరు పదమూడుకు సైనిక శాసనం విధించి ఏడాది అవుతుంది, ఆ రోజు మందిరంలో దీపస్తంభం పాట వినిపించాలి, అక్కడ దాన్ని పాడనివ్వరు, ఇక్కడ పాడగలవాడివి నువ్వు ఒక్కడివే. వేరెవరైనా గిటారు వాయిస్తారు, నువ్వు నిలబడి పాడు చాలు.

ఆ శుక్రవారం లెషెక్ పాఠం మధ్యలో లేచి నిలుచున్నాడు.

“పానీ వసుమతి, మీ సంగీతానికి రెండు వేళ్లు చాలు. నా పాటకు చాలవు. ఎవడో వాయిస్తుంటే నా పాట నేను పక్కన నిలబడి పాడలేను. ఫాదర్‌తో రానని చెప్పేస్తాను.” గిటారును గోడకు ఆనించాడు. “ఇది రేణుకు ఇవ్వండి.”

అతను వెళ్లిపోయాక హరనాథ్ అన్నారు: “నువ్వు చేయగలిగింది చేశావు వసూ. నేను చేయగలిగింది నేను చేశాను. కొన్ని అంతే.”

ఆ తరువాతి శుక్రవారం ఇంట్లో వీణ వినబడలేదు. ఆ పై శుక్రవారమూ లేదు. కోపమేమో అనుకున్నారు హరనాథ్. తన సంచీలో శస్త్రచికిత్సకు వాడే అంటుపట్టీ చుట్టలు తరిగిపోతున్న సంగతి మాత్రం ఆయనకు అంతుబట్టలేదు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆపరేషను ఒకటి వాయిదా పడి ఆయన పెందలకడే ఇంటికి వచ్చారు. బేస్‌మెంట్‌లో నుంచి ఏదో చప్పుడు. దిగి చూస్తే వసుమతి నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో లెషెక్ గిటారు. పక్కన రికార్డు ప్లేయరు మీద, రేణు చేత మిల్వాకీ అవెన్యూ నుంచి తెప్పించిన లెషెక్ రికార్డు తిరుగుతోంది. ఆమె సూదిని ఎత్తి వెనక్కి పెట్టి, అదే ముక్కను మళ్లీ మళ్లీ వింటోంది. అంతకు ముందు ఆ వాద్యాన్ని ఆమె ‘కరెంటు డబ్బా’ అనే తప్ప వేరే పేరుతో పిలిచి ఎరగదు. ఎడమచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ కలిపి, కర్రల్లా, పట్టీ చుట్టి కట్టేసుకుంది.

“వసూ, ఏమిటిది?”

“మాట్లాడకండి. సూది ఎక్కడ పెట్టానో మరిచిపోతాను.”

“ఆ కట్టేమిటి?”

“వీణ మీద బుద్ధిగానే ఉంటాయండీ ఇవి. ఇది పట్టుకునేసరికి మేమూ సాయం వస్తామంటున్నాయి. ఆయనకి రావుగా? నాకు మాత్రం ఎందుకు రావాలి?” ఆమె తలెత్తకుండానే అంది. “ఆయన వేళ్లు సరళీ స్వరాలు పలుకుతున్నాయి. ఆయన పాట పలకదంటే నేను నమ్మను. తప్పు నాది. నా పాటలు నేర్పాను, ఆయన పాట నేను నేర్చుకోలేదు.”

హరనాథ్ కోటు విప్పి, ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఆమె చేతిని ఒళ్లోకి తీసుకుని, కట్టు విప్పసాగారు.

“అయ్యో, విప్పకండి!”

“ఇలా బిగిస్తే రక్తం ఆడదు. పైగా ఇది తప్పు. అతని ఉంగరపు వేలు నిటారుగా ఉంటుంది, చిటికెన వేలు కొద్దిగా లోపలికి వంగి ఉంటుంది. నాకు తెలుసు, నేను పెట్టిన వంపే.” ఆయన కొత్త పట్టీ తీసి, ఆపరేషను గదిలో చూపే శ్రద్ధతో, భార్య వేళ్లను అదే వంపులో కట్టారు. “ఇప్పుడు వాయించు.”

“బాగా కట్టారు,” అంది ఆమె చేయి తిప్పి చూసుకుని. “డాక్టరు చదివినట్టే ఉంది.”

నవంబరులో వసుమతి లెషెక్‌కు ఫోను చేసి, మీ వస్తువు మా ఇంట్లో అడ్డంగా ఉంది, వచ్చి తీసుకువెళ్లండి అంది. అతను వచ్చాడు, పంది తొడతో సహా. ముందు గదిలో వీణ స్థానంలో గిటారు ఉంది. దాని వెనక వసుమతి కూర్చుంది. అతను ఆమె వేళ్లకున్న కట్టు చూసి, ఏం దెబ్బ తగిలిందని అడగబోయి, ఆ వంపును గుర్తుపట్టి ఆగిపోయాడు.

ఆమె వాయించింది. కింది తీగలను వీణ పక్క తంత్రుల మాదిరి ఊరికే శ్రుతికి మోగనిచ్చి, పై తీగ మీద రెండు వేళ్లతో, దారి తప్పిన నావికుడి పాట మొదటి నుంచి చివరి దాకా వాయించింది. నాలుగు వేళ్ల పట్టులు ఒక్కటీ లేవు. పాట ఉంది. లెషెక్ పెదవులు కదిలాయి. గొంతులో ఏదో మొదలై ఆగిపోయింది. పల్లవి రెండోసారి తిరిగేచోట ఆమె ఒక స్వరాన్ని లాగి, ఊపి, గమకంతో దించింది.

“కాదు!” అన్నాడు లెషెక్.

“ఏమయింది?” అంది వసుమతి.

“అక్కడ ఆ వంపు లేదు. నా పాటలో అక్కడ తిన్నగా ఉంటుంది.”

“ఉంటే బాగుంటుంది కదండీ.”

“బాగుండటం కాదు! నావికుడు అప్పుడే దీపం చూశాడు. చూసినవాడు వణకడు, నిలబడిపోతాడు. ఇలా,” అని అతను ఆమె ఒళ్లో నుంచి గిటారు లాక్కున్నాడు. చూపుడు వేలూ నడిమి వేలూ జంటగా తీగ మీద ఆనించి, లాగి, ఆ స్వరాన్ని తిన్నగా నిలిపాడు. నిలిపి, ఆపలేదు. తరువాతి చరణంలోకి వెళ్లాడు. వంగని వేళ్లు రెండూ గాలిలో ఉన్నాయి, ఊరికే తోడు వస్తున్నాయి. కొంతదూరం వెళ్లాక అతనికి తన చేయి ఏం చేస్తున్నదో తెలిసింది. తెలిసినా ఆగలేదు. గొంతు ఆ చేతి వెనకాల వెళ్లింది.

పాట ముగిశాక అతను గిటారు మీద తల ఆనించి ఉండిపోయాడు. రేణు వంటింటి గుమ్మంలో నిలబడి ముక్కు తుడుచుకుంటోంది. హరనాథ్ అవసరం లేకపోయినా కళ్లజోడు తుడుచుకున్నారు.

తరువాత, ఇద్దరే ఉన్నప్పుడు, ఆయన భార్యను అడిగారు: “ఆ గమకం పొరపాటున వేశావా?”

“ఆ రికార్డు ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు,” అంది వసుమతి, పట్టీ ఊడదీసుకుంటూ. “నేను పొరపాటు పడతానా అండీ?”

ఆ డిసెంబరు పదమూడున, మంచులో తడిసిన కోట్లతో క్రిక్కిరిసిన మందిరంలో, లెషెక్ సోవా ఒంటరిగా నిలబడి దీపస్తంభం పాట వాయిస్తూ పాడాడు. పాటకు ముందు చొక్కా జేబులో నుంచి చిన్న సీసా తీసి ఎడమచేతి వేళ్లకు కొబ్బరినూనె రాసుకున్నాడు. జనం అదేదో మందనుకున్నారు. అక్కడి నుంచి డెట్రాయిట్, బఫెలో, తరువాత సొంత రికార్డు. ఆ రెండు వేళ్ల బాణీ అతనిదే అయింది. కుర్రవాళ్లు అనుకరించడానికి ప్రయత్నించి, నాలుగు వేళ్లూ ఉండటం వల్ల ఓడిపోయేవారు.

ఇక 1984 మే నెల ఆదివారం సాయంత్రానికి వస్తే, ఆ రోజు మధ్యాహ్నం లెషెక్ స్కోకీ వచ్చాడు. వేదిక మీద చదవడానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసుకున్నాడు. భాష సరిచూడమని హరనాథ్‌కు ఇచ్చాడు. మొదటి మాట డాక్టర్ హరనాథ్‌కు కృతజ్ఞత, రెండోది వసుమతికి. హరనాథ్ కలం తీసి మొదటి వాక్యాన్ని అడ్డంగా కొట్టివేశారు.

“అది తప్పా, డాక్టర్?” అన్నాడు లెషెక్ ఆందోళనగా.

“తప్పు కాదు. అనవసరం. నేను చేసినది నా ఉద్యోగం. ఒక సభలో ఒక ఉపకారాన్నే పేర్కొనాలి. అప్పుడే దానికి తగిన గౌరవం ఉంటుంది.” ఆయన మిగిలిన వాక్యాన్ని చదివారు. వ్యాకరణం సరిగానే ఉంది. అయినా సరిపోలేదనిపించింది. కాగితం తన వైపు తిప్పుకుని, ముందుకూ వెనక్కూ పదాలు చేరుస్తూ, చాలాసేపు రాశారు.

“ఇంత పొడుగు వాక్యం నేను ఊపిరి తిప్పుకోకుండా చదవగలనా?”

“నువ్వు గాయకుడివి,” అన్నారు హరనాథ్.

ఇప్పుడు వేదిక మీద చివరి పాటకు ముందు లెషెక్ ఆ కాగితం తీశాడు. ముందు పోలిష్‌లో చెప్పాడు. మందిరం అంతా లేచి నిలుచుంది. ఏం చెప్పాడో అర్థం కాక వసుమతి ఫాదర్ మీదుగా భర్త వైపు చూసింది. హరనాథ్ కూడా లేచి నిలుచుని, ఎదుటికే చూస్తున్నారు. అప్పుడు లెషెక్ కొబ్బరినూనె మెరిసే వేళ్ల మధ్య కాగితం పట్టుకుని, ఇంగ్లీషులో, ఒక్క అక్షరం పొల్లు పోకుండా చదివాడు. దాని తాత్పర్యం ఇది:

“నా ఎడమచేతిలో మిగిలిన రెండు వేళ్లతో నా పాట పలుకుతుందని నేను నమ్మని కాలంలో, తన వాద్యాన్ని పక్కన పెట్టి, తన వేళ్లను నా వేళ్ల వలె కట్టుకుని, తనకు తెలియని భాషలోని నా పాటను నా వాద్యం మీద నేర్చుకుని, దానిని నాకు వినిపించి తిరిగి నా చేతికి అప్పగించిన నా గురువు శ్రీమతి వసుమతి గారి ఉపకారాన్ని, ఈ సభవారందరి సమక్షంలో, సవినయంగా, కృతజ్ఞతాపూర్వకంగా ప్రకటించుకుంటున్నాను.”